సిమ్యులేటర్‌లో మొదటి ఎయిర్‌లైనర్: ఏది ఎంచుకోవాలి, ఎట్లా నేర్చుకోవాలి

కావలిలో ఉండే మా అక్క కొడుకు పోయిన వేసవి సెలవుల్లో ఫ్లైట్ సిమ్యులేటర్ మొదలుపెట్టి, ఏరికోరి ఎంచుకున్న మొదటి విమానం బోయింగ్ 747. ఎందుకురా అంటే, "ఉన్నవాటిలో అదే పెద్దది గదా మామా" అన్నాడు. చెన్నైలో లేవడం లేచాడు. దిగడమే రాలేదు. సముద్రం మీద గంటసేపు గిరికీలు కొట్టి, మూడుసార్లు రన్‌వే దాటిపోయి, నాలుగోసారి పల్లావరం కొండకు గుద్దాడు. రెండో రోజుకల్లా జాయ్‌స్టిక్ అటక మీదికి పోయింది.

తప్పు వాడిదని నేననను. దున్నడం నేర్చుకునే పిల్లోడికి ఎవరైనా బండలాగుడు పందేల గిత్తల్ని కట్టిస్తారా? చాలు తెలిసిన ముసలెద్దుల్ని కట్టిస్తారు. వాడు మేడి వంకరగా పట్టినా అవి చాలు తప్పవు. మొదటి ఎయిర్‌లైనర్ కూడా అట్లాంటిదే అయ్యుండాలి. నా మటుకు నేను, పదిమందిలో ఎనిమిది మందికి ఎయిర్‌బస్ ఏ320 అని చెబుతాను. మిగతా ఇద్దరికీ బోయింగ్ 737. ఎవరికి ఏది, ఎందుకు, తెచ్చుకున్నాక ఏ వరసలో నేర్చుకోవాలి అన్నది కింద చెబుతున్నాను.

ముందు ఇంట్లో ఏముందో చూసుకోండి

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020కి డిస్క్‌లో 150 జీబీ చోటు కావాలి, ర్యామ్ 16 జీబీ ఉంటే మేలు. 2024లో వచ్చిన కొత్తది డిస్క్ తక్కువే తింటుంది గానీ నేల బొమ్మలన్నీ ఎప్పటికప్పుడు ఇంటర్నెట్ నుంచి లాక్కుంటుంది. ర్యామ్ కనీసం 16, సాఫీగా నడవాలంటే 32 జీబీ. ఊళ్లో నెట్ మధ్యమధ్యలో పోతుంటే పాతదే హాయి. మూడోది ఎక్స్‌ప్లేన్ 12. దానికి ఉచిత డెమో ఉంది, కొనేముందు మీ కంప్యూటర్ మోస్తుందో లేదో అందులోనే తేలిపోతుంది.

కీబోర్డుతో ఎయిర్‌లైనర్ దించాలనుకోవద్దు. మెలి తిప్పితే రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక పలక) పనిచేసే జాయ్‌స్టిక్, దాని మీదే ఇంజిన్ల బలం పెంచి తగ్గించే చిన్న థ్రాటిల్ మీట ఉంటే మొదలుపెట్టడానికి చాలు. అన్నట్టు, యూపీఎస్ ఒకటి పెట్టుకోండి. ఎండాకాలం మధ్యాహ్నం రన్‌వే ఇంకో రెండు మైళ్లు ఉందనగా కరెంటు పోతే కలిగే బాధ అనుభవించినవాడికే తెలుసు.

ఇంకో మాట. ఎయిర్‌లైనర్ ఎక్కేముందు చిన్న సెస్నా 172లో ఓ పది గంటలు తిరగండి. ముక్కు ఎత్తితే వేగం ఎందుకు తగ్గుతుంది, ట్రిమ్ (స్టిక్ పట్టుకోకపోయినా ముక్కు ఉన్నచోటే నిలిచేలా సర్దడం) అంటే ఏమిటి, సరైన ఎత్తులో వస్తుంటే రన్‌వే కంటికి ఎట్లా కనబడుతుంది, ఈ మూడూ ఒంటబట్టాలి. సెస్నా 65 నాట్ల (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) దగ్గర దిగడానికి వస్తుంది, ఏ320 దాదాపు 135 దగ్గర. ఆలోచించుకునే టైము సగానికి సగం తగ్గిపోతుందన్నమాట.

సులువు అంటే బటన్లు తక్కువుండటం కాదు

కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే. సిమ్యులేటర్‌తో పాటు వచ్చే కొన్ని విమానాల్లో సగం బటన్లు బొమ్మలే, నొక్కినా ఏమీ జరగదు. చూడ్డానికి సులువుగా ఉంటుంది. కానీ ఆటోపైలట్ మీ మాట వినకుండా ఎటో పోయినప్పుడు, తప్పు మీదా, విమానం తయారుచేసినవాళ్లదా అన్నది తేలదు. తేలకపోతే నేర్చుకునేదేముంది? అసలు విమానం లాగే లోపలి వ్యవస్థలన్నీ పనిచేసే మోడల్‌లో, పుస్తకంలో ఉన్నట్టు చేస్తే పుస్తకంలో ఉన్నట్టే జరుగుతుంది. జరగలేదంటే తప్పు మనదే. ఆ భరోసా చాలా గొప్పది. అందుకని లోతైన మోడల్‌నే తీసుకుని, అందులో కొంచెం కొంచెంగా నేర్చుకోండి.

ఇక దూరం సంగతి. పెద్ద విమానాలు ఎనిమిది, పది గంటలు ఎగరడానికి పుట్టాయి. వాటితో ఆదివారమంతా కూర్చున్నా ఒక్క ల్యాండింగే దొరుకుతుంది, అది కూడా నిద్రమొహంతో. నేర్చుకునేదంతా దిగేటప్పుడే ఉంటుంది కాబట్టి గంట, గంటన్నరలో చేరే విమానం కావాలి. 747, 777, ఏ380 ఈ లెక్కలోనే పక్కకు పోతాయి. ముగ్గురు నడిపే పాత జెట్లు, అంటే ఫ్లైట్ ఇంజినీర్‌కు వేరే కుర్చీ ఉండే 727, కాంకార్డ్ లాంటివి, ఒంటిచేత్తో నేర్చుకునేవాడికి అసలు వద్దు.

ఏ320 ఎందుకు

1987లో మొదటిసారి ఎగిరి, 1988లో ప్రయాణికులను ఎక్కించుకున్న విమానం ఇది. పైలట్ పక్కన చిన్న సైడ్‌స్టిక్ ఉంటుంది, వదిలేస్తే స్ప్రింగు బలంతో మధ్యకు వచ్చేస్తుంది. మీ బల్ల మీదున్న జాయ్‌స్టిక్ కూడా అచ్చం అదే కదా! చేతికి తెలిసేది, తెరమీద కనబడేది ఒకటే అయిన ఎయిర్‌లైనర్ కొత్తవాడికి ఇంకోటి దొరకదు.

స్టిక్ కదిపి ముక్కు ఎంత ఎత్తులో పెట్టి వదిలేస్తే అక్కడే నిలబడుతుంది. ట్రిమ్ కంప్యూటరే చూసుకుంటుంది. మీరు ఎంత లాగినా మామూలు స్థితిలో రెక్కలకు గాలి పట్టు తప్పేదాకా పోనివ్వదు. వేగం మరీ పడిపోతే ఇంజిన్ల బలం తనే పెంచుతుంది. తలపైనున్న ప్యానెల్‌లో మరో సుఖముంది. అంతా సవ్యంగా ఉంటే ఏ దీపమూ వెలగదు. తెల్ల దీపం ఏదైనా కనబడితే ఆ బటన్ ఇంకా నొక్కలేదని గుర్తు. ఇంజిన్ స్టార్ట్ చేయడమంటే ఒక నాబ్ తిప్పి, మాస్టర్ స్విచ్ ఎత్తడమే, ఇంధనం ఎప్పుడు వదలాలో అదే చూసుకుంటుంది.

ఖర్చు విషయం కూడా చెప్పాలి. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌కు ఫ్లైబైవైర్ అనే ఔత్సాహికుల బృందం తయారుచేసిన ఏ32ఎన్‌ఎక్స్ పూర్తిగా ఉచితం. వాళ్లే రాసిన పాఠాలు కూడా ఉన్నాయి. డబ్బు పెట్టగలిగితే 2022లో వచ్చిన ఫెనిక్స్ ఏ320 ఇంకా లోతైనది, కానీ మొదటి ఆరు నెలలు ఆ తేడా మీకు తెలియదు. ఎక్స్‌ప్లేన్‌లో అయితే టోలిస్ వాళ్ల ఎయిర్‌బస్‌లు బాగుంటాయి, అవి కొనాల్సిందే.

పైగా మనకు ఇది పరాయి విమానం కాదు. నెల్లూరు జిల్లాలో విమానాశ్రయం లేదు, దగదర్తిలో వస్తుందని ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం. ఎగరాలంటే చెన్నైకో రేణిగుంటకో, ఒంగోలు వాళ్లయితే గన్నవరానికో పోవాలి. చెన్నైలో ఇండిగో ఎక్కితే చాలాసార్లు కూర్చునేది ఏ320 కుటుంబంలోనే. రెక్క దగ్గర సీటు దొరికితే, దిగేటప్పుడు ఫ్లాప్స్ (రెక్క వెనక నుంచి జారే పలకలు) ఏ దశలో ఎంత బయటికొస్తున్నాయో చూస్తూ కూర్చోండి. ఊరికే వచ్చే పాఠం.

అందులో రెండు గుంతలు

మావాడు ఏ320కి మారిన మొదటి రోజే ఫోన్ చేశాడు. "మామా, ఇదేంది, నేను థ్రాటిల్ కొంచెం తగ్గించినా స్పీడు తగ్గకుండా అట్నే పోతా ఉండాది!"

మొదటి గుంత ఇదే. ఎయిర్‌బస్‌లో థ్రస్ట్ లీవర్లు కారు యాక్సిలరేటర్ లాంటివి కావు. వాటికి గాళ్లు, అంటే మీట తగులుకుని ఆగే చోట్లు ఉంటాయి: కింద ఐడిల్, ఆ పైన క్లైంబ్, ఆ పైన ఫ్లెక్స్ (లేవడానికి కొంచెం తగ్గించిన బలం), చిట్టచివర టోగా (పూర్తి బలం). లేచేటప్పుడు ఫ్లెక్స్‌లోనో టోగాలోనో పెడతాం. నేల నుంచి సుమారు 1,500 అడుగులకు చేరగానే తెరమీద 'ఎల్‌వీఆర్ క్లైంబ్' అని మెరుస్తుంది. అప్పుడు క్లైంబ్ గాడికి లాగి, ఇక చెయ్యి తీసేయాలి. అక్కణ్నుంచి ఆటోథ్రస్టే వేగం చూసుకుంటుంది, లీవర్ మాత్రం కదలదు. లీవర్ ఉన్నచోటు గరిష్ఠ హద్దు మాత్రమే. మావాడు హద్దును కొంచెం కిందికి జరిపాడు, ఆటోథ్రస్ట్ తన పని తాను చేసుకుపోయింది. మళ్లీ లీవర్ ముట్టుకునేది నేల 20 అడుగులుందనగా, 'రిటార్డ్' అని విమానమే అరిచినప్పుడు.

కాబట్టి ఎగరకముందే మీ థ్రాటిల్ మీటను ఈ గాళ్లకు సరిపెట్టుకోవాలి. ఫ్లైబైవైర్ కాక్‌పిట్‌లో పక్కనున్న ట్యాబ్లెట్‌లో ఇందుకో పేజీ ఉంది. మీట మీద క్లైంబ్ ఎక్కడ, ఫ్లెక్స్ ఎక్కడ అని తెలిసేలా స్కెచ్ పెన్నుతో గీతలు పెట్టుకోండి. ఈ పని చేయకుండా "ఆటోథ్రస్ట్ పనిచేయడం లేదు" అని తల పట్టుకునేవాళ్లను నేను లెక్కలేనంతమందిని చూశాను.

రెండో గుంత ఆటోపైలట్ నాబ్‌లు. వేగం, దిశ, ఎత్తు, ప్రతి నాబ్‌నూ తిప్పడమే కాదు, నొక్కవచ్చు, లాగవచ్చు. నొక్కితే "నువ్వే చూసుకో" అని కంప్యూటర్‌కు అప్పగించినట్టు. లాగితే "ఇటివ్వు, నేను చూసుకుంటా" అని తీసుకున్నట్టు. మొదటి వారమంతా నాబ్‌లు లాగి నడపండి. మీరు అడిగిన దిశకు, మీరు అడిగిన వేగంతో పోతుంది, ఆశ్చర్యాలుండవు. అప్పగించడం తర్వాత.

737 ఎవరికి

చేత్తో నడపడంలోనే అసలు మజా ఉందనుకునేవాళ్లకు. 1967లో మొదట ఎగిరిన విమానం, ఎన్ని కొత్త తెరలు పెట్టినా లోపలి మనిషి పాతవాడే. ఇంజిన్లు రెక్కల కింద వేలాడుతుంటాయి కాబట్టి బలం పెంచితే ముక్కు లేస్తుంది, తగ్గిస్తే వాలుతుంది. వేగం మారిన ప్రతిసారీ ట్రిమ్ మీరే సరిచేయాలి. ట్రిమ్ చక్రం మోకాలి పక్కన గరగరా తిరుగుతుంటే ఆ చప్పుడుకే విమానం ఏం చేస్తోందో తెలిసిపోతుంది. ఆటోథ్రాటిల్ వేసినా లీవర్లు కళ్లముందే కదులుతాయి, కాబట్టి పైన చెప్పిన మొదటి గుంత ఇందులో లేదు.

కానీ తలపైన ప్యానెల్‌లో ప్రతిదీ చేత్తో వేయాలి: ఇంధన పంపులు, హైడ్రాలిక్ పంపులు, జనరేటర్లు. ఇంజిన్ స్టార్ట్‌లో కూడా లోపలి చక్రం 25 శాతం వేగం అందుకునేదాకా కాచుకుని అప్పుడు మీరే ఇంధనం లీవర్ ఎత్తాలి. ఒకటి మరిచిపోతే ఊరుకుంటుంది, పది నిమిషాల తర్వాత గుర్తుచేస్తుంది, మా తాత పద్ధతిలో. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌కు పీఎండీజీ 737 పేరున్నది, కొనాలి. ఎక్స్‌ప్లేన్ ఉన్నవాళ్లకు మాత్రం లెక్క తారుమారవుతుంది: జీబో అనే 737-800 ఉచితం, లోతు కూడా కొన్నవాటికి తగ్గదు. ఎక్స్‌ప్లేన్ ఉండి పైసా పెట్టే ఉద్దేశం లేకపోతే మారుమాట లేకుండా జీబోనే వేసుకోండి.

ఏటీఆర్ 72 గురించి చాలామంది అడుగుతారు. చిన్నది, నిదానం, సులువే కదా అని. కాదు. ఆటోథ్రాటిల్ లేదు, ప్రొపెల్లర్ల లెక్క వేరే, నేలమీద కరెంటు ఇచ్చే ఏపీయూ కూడా లేక, కుడి ప్రొపెల్లర్‌కు బ్రేకు వేసి ఆ ఇంజిన్‌నే జనరేటర్‌గా వాడుకునే వింత విమానం. నాకు చాలా ఇష్టం. మూడోదిగా నేర్చుకోండి.

చివర్నుంచి మొదలుపెట్టండి

చాలా పాఠాలు కరెంటు కూడా లేని చీకటి కాక్‌పిట్‌తో మొదలవుతాయి. గంటసేపు స్విచ్‌లు వేసి, లేచి, దిగలేక కూలిపోతాం. మళ్లీ గంట స్విచ్‌లు. నేను తిరగేసి నేర్పుతాను.

మొదట చెన్నై 25 రన్‌వేకి పది నాటికల్ మైళ్ల ముందు, 3,000 అడుగుల ఎత్తులో, 180 నాట్ల వేగంతో విమానాన్ని గాల్లోనే పెట్టుకోండి. వాతావరణం నిర్మలంగా, గాలి లేకుండా. సిమ్యులేటర్‌లో ఈ స్థితిని సేవ్ చేసుకుంటే ఎన్నిసార్లయినా ఇక్కణ్నుంచే ఎత్తుకోవచ్చు. ఐఎల్‌ఎస్ (రన్‌వేకు దారి చూపే రేడియో సంకేతం) ఫ్రీక్వెన్సీ పెట్టి, అప్రోచ్ బటన్ నొక్కి, మొదటి అయిదుసార్లు ఆటోపైలట్‌నే దించనివ్వండి. మీ పని వేగం తగ్గించడం, ఫ్లాప్స్ దించడం, చక్రాలు వేయడం, అంతే. ఏ320లో ఫ్లాప్స్ 2కి 200 నాట్లు, 3కి 185, ఫుల్‌కి 177 దాటకూడదు. ఈ మూడంకెలు కాగితం మీద రాసి తెరకు అంటించండి.

నడిపేటప్పుడు ఒక లెక్క ఎప్పుడూ పనికొస్తుంది: నేలమీది వేగాన్ని అయిదుతో గుణిస్తే నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో వస్తుంది. 140 నాట్లయితే 700 అడుగులు. వెయ్యి దాటిందంటే ఏదో తేడా వచ్చింది, ఎత్తుకుని మళ్లీ రండి.

ఆ తర్వాత 1,000 అడుగుల దగ్గర ఆటోపైలట్ తీసేసి చేత్తో దించండి. రన్‌వే మొదలు వైపు కాకుండా చివరి అంచు వైపు చూడాలి, నేల ముప్పై అడుగులుందని విమానం చెప్పగానే స్టిక్ కొంచెం వెనక్కి. కొంచెమంటే కొంచెమే. మావాడు మొదట్లో లాగిన లాగుడుకు విమానం మళ్లీ ఆకాశంలోకి పోయింది. పదిహేను ఇరవై ల్యాండింగ్‌లు ఇట్లా అయ్యాక, రన్‌వే మీద ఇంజిన్లు నడుస్తున్న విమానంతో లేచి, ఒక చుట్టు తిరిగి దిగండి. అదీ వచ్చాక ఎంసీడీయూ అనే చిన్న కీబోర్డు తెరలో రూటు ఎక్కించడం. చీకటి కాక్‌పిట్ అన్నిటికంటే చివర. అప్పటికి ఏ స్విచ్ ఎందుకో మీకే తెలిసి ఉంటుంది, కంఠస్థం చేయాల్సిన పని తగ్గిపోతుంది.

మొదటి పూర్తి ప్రయాణం: చెన్నై నుంచి హైదరాబాదు

సింబ్రీఫ్ అనే ఉచిత సేవలో వీఓఎంఎం నుంచి వీఓహెచ్‌ఎస్ (చెన్నై, హైదరాబాదు విమానాశ్రయాల కోడ్‌లు) అని కొడితే రూటు, ఇంధనం అన్నీ లెక్కగట్టి ఇస్తుంది. నేరుగా గీత గీస్తే దాదాపు 275 నాటికల్ మైళ్లు. పడమటి వైపు మొగ్గే దారి కాబట్టి వేలల్లో సరి సంఖ్య ఎత్తు తీసుకోవాలి, 28,000 అడుగులు సరిపోతుంది. తిరుగు ప్రయాణంలో బేసి, 27,000 లేదా 29,000.

నేను ఈ దారి ఎంచుకున్నది ఊరి మీది ప్రేమతో మాత్రమే కాదు. కింద కనబడే గుర్తులు మన పని గుర్తుచేస్తాయి. విమానాల దారి గీతకు కొంచెం అటూఇటూ ఉంటుంది, అయినా లెక్క చెడదు. పెన్న దాటేటప్పుడు ఎడమ వైపు సోమశిల జలాశయం, కుడి వైపు దూరంగా నెల్లూరు. ఇది చెన్నై నుంచి దాదాపు వంద మైళ్ల దగ్గర. ఇక్కడికి 28,000 అడుగులకు చేరి ఉండాలి, లేదా చేరబోతుండాలి. ఇంకా 20,000 దగ్గరే పాకుతుంటే థ్రస్ట్ లీవర్ క్లైంబ్ గాడిలో ఉందో లేదో చూడండి.

తర్వాత కంభం చెరువు. గీత దాదాపు దాని మీదుగానే పోతుంది. హైదరాబాదు ఇంకా 107 మైళ్లు. చేతులు ఖాళీగా ఉండే చివరి కొద్ది నిమిషాలు ఇవే. శంషాబాద్ గాలి ఎటుందో చూసుకోండి, రన్‌వే ఎంచుకోండి, ఎంసీడీయూలో అప్రోచ్ ఎక్కించండి, ఆటోబ్రేక్ ఎంతో అనుకోండి. ఇక్కడ బద్ధకిస్తే ఈ పనులన్నీ దిగుతున్నప్పుడు మీద పడతాయి.

ఇక్కడే ఇంకో మెలిక. చెన్నై దాదాపు సముద్ర మట్టానికే ఉంది. శంషాబాద్ 2,000 అడుగుల పైన ఉంది. చెన్నైలో 3,000 అడుగుల దగ్గర ఐఎల్‌ఎస్ పట్టుకున్న చేతికి ఇక్కడ 5,000 కావాలి. మరి ఎక్కడ దిగడం మొదలుపెట్టాలి? దిగాల్సిన వేల అడుగులను మూడుతో గుణించండి: 28 లోంచి 5 పోతే 23, మూళ్లు 69. వేగం తగ్గించుకోవడానికి ఇంకో పది కలిపితే 80 మైళ్లు. శ్రీశైలం డ్యామ్ నుంచి శంషాబాద్‌కు 74 మైళ్లు. అంటే కృష్ణమ్మ కనబడుతుండగానే ముక్కు వాలి ఉండాలి. డ్యామ్ దాటిపోయినా ఇంకా 28,000లోనే ఉన్నారంటే ఎత్తు మిగిలిపోతుంది. స్పీడ్‌బ్రేక్ (రెక్కల మీద లేచే పలకలు) వాడాల్సి వస్తుంది. 10,000 అడుగుల కిందికి వచ్చేసరికి 250 నాట్లకు తగ్గాలన్నది మరిచిపోవద్దు.

రెండో దారిగా చెన్నై నుంచి గన్నవరం బాగుంటుంది, తీరమంతా ఎడమ కిటికీలో కనబడుతూ పోతుంది. దారిలో కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద 4.1 కిలోమీటర్ల ఎయిర్‌స్ట్రిప్ ఉంది. పాత ప్రకాశం జిల్లాలోది. 2024 మార్చి 18న వాయుసేన ఏఎన్-32, డోర్నియర్ అక్కడ దిగి లేచాయి. మీకూ బుద్ధి పుడుతుంది, నాకు తెలుసు. సేవ్ చేసుకుని దించి చూడండి, తర్వాత మళ్లీ దారిలోకి రండి.

ఎప్పుడు మారాలి

వరసగా అయిదు ప్రయాణాల్లో, నేల 1,000 అడుగులుందనగా చక్రాలు, ఫ్లాప్స్, వేగం మూడూ కుదిరి ఉంటే మీకు విమానం వచ్చినట్టు. అయిదులో ఒకటి తప్పినా లెక్క మళ్లీ ఒకటి నుంచి. అప్పుడు 737కి రండి, ట్రిమ్ నేర్చుకోండి. మధ్యలో కొత్త విమానం వచ్చిందని ఎవరో వీడియో పెడితే చూసి ఊరుకోండి. రెండేసి విమానాల అంకెలు కలిసిపోతే రెండూ పోతాయి. నిజం మనుషులే కంట్రోలర్లుగా కూర్చునే వాట్‌సిమ్ కూడా ఉచితమే, కానీ ఈ అయిదూ కాకముందు అందులోకి పోవద్దు. అవతలివాళ్లు మాట్లాడేది వినాలా, ఫ్లాప్స్ వేయాలా అన్నది తేలక చేతులాడవు.

మావాడు మొన్నటిదాకా మూడు దగ్గరున్నాడు. నాలుగోదానికి నిన్న రాత్రి శ్రీశైలం దాటాక గుర్తొచ్చిందట, దిగడం మొదలుపెట్టలేదని. మళ్లీ ఒకటి నుంచి.